గర్నీ అంటే గిర్నీ కాదని నాకు ఇవాళే తెలిసింది

గిర్నీ_పిలగాడు:

అందరికీ నమస్తే. నేను మెకానికల్ థర్డ్ ఇయర్. మా కాలేజీలో పదిహేను మందిమి కలిసి ఫార్ములా భారత్ పోటీకి ఒక చిన్న రేసు కారు కడుతున్నాం. డబ్బుల్లేవు, వాన పడితే షెడ్డు కారుతుంది, అయినా కారు మాత్రం రోజురోజుకీ కారులాగే కనిపిస్తోంది.

పోయిన వారం వెనక వింగ్ పని పెట్టుకున్నాం. థర్మకోల్ కోసి, పైన గ్లాస్ ఫైబర్ పరిచి, రెజిన్ పూసి, రెండు రాత్రులు ఉప్పు కాగితంతో రుద్ది రుద్ది నున్నగా చేశాం. సీనియర్ అన్న వచ్చి చేత్తో నిమిరి చూసి "బాగుందిరా, వెనక అంచుకి గర్నీ పెట్టండి" అనేసి టీకి వెళ్లిపోయాడు. మాది కరీంనగర్ దగ్గర పల్లె. మా దిక్కు గిర్నీ అంటే పిండి మర. వింగుకి పిండి మర ఎందుకబ్బా అని ఐదు నిమిషాలు నిజంగానే ఆలోచించాను, నవ్వకండి. తర్వాత మావాడొకడు చెప్పాడు, గర్నీ ఫ్లాప్ అంటే వింగ్ వెనక అంచు మీద నిలువుగా నిలబెట్టే రేకు ముక్క అని. సరే, గర్నీ అనేది ఏదో కంపెనీ పేరు కాబోలు అనుకున్నా. కాదు, మనిషి పేరు. డాన్ గర్నీ. అమెరికావాడు, రేసు డ్రైవరు, పైగా తన కార్లు తనే కట్టించుకున్నాడు, 2018లో చనిపోయాడు. ఇంతవరకు దొరికింది.

ఇప్పుడు నా సమస్య. మా టెక్ ఫెస్ట్‌లో ఒక్కొక్కరు ఒక ఇంజినీరు గురించి పది నిమిషాలు మాట్లాడాలి. నేను గర్నీ పేరు ఇచ్చాను. మా సార్ "ఎన్ని రేసులు గెలిచాడు?" అన్నారు. ఫార్ములా వన్‌లో నాలుగు అన్నాను. "నాలుగా! షూమాకర్ 91 గెలిచాడు, ఆయన గురించి చెప్పుకో, పిల్లలు కూర్చుని వింటారు" అన్నారు. ఛాంపియన్‌షిప్ కూడా ఒక్కటీ లేదు. నిజం చెప్పాలంటే నాకూ అనుమానం పట్టుకుంది. నాలుగు రేసులు గెలిచిన మనిషిని పాతవాళ్లు ఇంతగా ఎందుకు తలుచుకుంటారు? తెలిసినవాళ్లు చెప్పండి. నెట్‌లో ఉన్నది కాపీ చేసి పెట్టకండి, అది నేనూ చదువుకోగలను.

డెట్రాయిట్_దొరబాబు:

తమ్ముడూ, గిర్నీ జోకుకి ఆఫీసులో గట్టిగా నవ్వేశాను, పక్క సీటాయన వింతగా చూశాడు.

మాది అమలాపురం దగ్గర, ఉండేది మిషిగన్‌లో నోవీ. ఇక్కడ ఏ అపార్ట్‌మెంట్ తలుపు కొట్టినా కార్ల కంపెనీలో పనిచేసే తెలుగువాడే తీస్తాడు. ఊరి నుంచి ఎవరొచ్చినా డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియానికి తీసుకెళ్లడం మా ఇంట్లో ఆనవాయితీ. ఆ మధ్య మా మావయ్యగారిని తీసుకెళ్లా. ఆయన ముప్పై ఏళ్లు లారీ నడిపిన మనిషి, రైలింజన్లు, పాత విమానాలు అన్నీ మొహమాటానికి చూసుకుంటూ వచ్చి, ఒక ఎర్ర కారు దగ్గర ఆగిపోయారు. దాని మీద తెల్ల గుండ్రంలో 1 నంబరు. ఫోర్డ్ జీటీ40 మార్క్ 4, 1967లో ఫ్రాన్స్‌లో ల మాన్ 24 గంటల రేసు గెలిచింది అదే.

మావయ్యగారు చుట్టూ ఒక రౌండు వేసి "డ్రైవరు నెత్తి మీద టాపు ఉబ్బింది చూశావా, లోపల్నుంచి ఏదైనా గుద్దుకుందా?" అన్నారు. అంత బొడిపె నేను అప్పటికి నాలుగుసార్లు చూసి కూడా పట్టించుకోలేదు! అదే గర్నీ బొడిపె. ఆయన ఆరడుగుల పైన ఇంకో మూడు నాలుగు అంగుళాలు ఉండేవాడు. ఆ కారేమో నేల నుంచి టాపు దాకా మూడున్నర అడుగులు కూడా ఉండదు. హెల్మెట్ పెట్టుకుని కూర్చుంటే తల పట్టలేదు, అందుకని టాపుకే బుడగలాగా ఎత్తు చేశారు. మావయ్యగారు అదంతా విని "నా లారీలో సీటు ముందుకి జరగక నేను నడుం పోగొట్టుకున్నా, ఈయనకి టాపే మార్చారా" అని నిట్టూర్చారు.

ఇంక ఆ రేసు సంగతి. గర్నీకి జోడీ ఏ.జె. ఫోయిట్, ఆ ఏడాదే ఇండియానాపొలిస్ 500 గెలిచి వచ్చినవాడు. ఇద్దరూ ఇద్దరే, ఒకరి మీద ఒకరు పంతానికి పోయి రాత్రికి రాత్రే కారు విరగ్గొడతారని అందరూ అనుకున్నారు. గర్నీ చేసింది దానికి పూర్తిగా రివర్సు. మూల్సాన్ అని అక్కడ ఆరు కిలోమీటర్ల తిన్నని రోడ్డు ఉండేది, కారు 340 కిలోమీటర్ల వేగం దాకా పోయేది. దాని చివర గట్టి మలుపు. అందరూ చివరి క్షణం దాకా తొక్కి అక్కడ బ్రేకు మీద నిలబడితే, గర్నీ చాలా ముందే కాలు తీసేసేవాడు. బండి తనంతట తను నెమ్మదించాక మెల్లగా బ్రేకు. ఘాట్ రోడ్డు దిగే లారీ డ్రైవరు చేసేది కూడా అదే కదా (ఇది మావయ్యగారి వ్యాఖ్య). 24 గంటల్లో 388 రౌండ్లు, 5,232 కిలోమీటర్లు.

నాకు బాగా నచ్చేది ఆ రాత్రి జరిగిన ఒక చిన్న ముచ్చట. ఫెరారీలో మైక్ పార్క్స్ అనే ఆయన వెనకాల పడి లైట్లు కొడుతూనే ఉన్నాడు. నిజానికి అతను అప్పటికే కొన్ని రౌండ్లు వెనక, ఉద్దేశం ఏంటంటే గర్నీని ఉడికించి పందేనికి దింపడం. గర్నీ ఏం చేశాడో తెలుసా, ఆర్నాజ్ మలుపు దగ్గర కారుని రోడ్డు పక్కకి తీసి ఆపేశాడు. రేసు మధ్యలో! పార్క్స్ కూడా వెనకాలే ఆపాడు. చీకట్లో రెండు కార్లూ అలా నిలబడి ఉన్నాయి కొన్ని సెకన్లు. చివరికి పార్క్సే విసిగిపోయి ముందుకి వెళ్లిపోయాడు. ఇంకెవరైనా అయితే పంతానికి పోయేవాళ్లు. అక్కడే ఆ రేసు గెలిచాడు అంటాను నేను.

పోడియం ఎక్కాక చేతికిచ్చిన షాంపేన్ తాగకుండా సీసా ఊపి కింద ఉన్నవాళ్ల మీద చిమ్మేశాడు. ఫోర్డ్ కంపెనీ అధిపతి రెండో హెన్రీ ఫోర్డ్, ఆ టీమ్ నడిపిన కారల్ షెల్బీ, వీళ్లిద్దరి భార్యలు, విలేకరులు అందరూ తడిశారు. గెలిచినవాళ్లు షాంపేన్ చిమ్మడం అక్కడే మొదలైందంటారు. తర్వాత ఆ సీసా మీద సంతకం పెట్టి ఒక ఫొటోగ్రాఫర్‌కి ఇచ్చాడు. ఆయన దాన్ని చాలా ఏళ్లు ఇంట్లో టేబుల్ లైటు కింద దిమ్మెలా వాడుకుని మళ్లీ గర్నీకే తిరిగిచ్చాడు.

అన్నట్టు ఆ ఎత్తు వల్లే ఇంకోటి. ఓపెన్ కార్లలో ఈయన మొహం అద్దం దాటి పైకి ఉండేది, రాళ్లూ ఇసకా అన్నీ మొహానికే. 1968లో మొహమంతా కప్పే హెల్మెట్ ముందు ఇండియానాపొలిస్‌లో, తర్వాత జర్మన్ గ్రాండ్ ప్రీలో పెట్టుకుని దిగాడు. ఫార్ములా వన్‌లో అదే మొదలు. రేపు నువ్వు బైకు తీసేటప్పుడు పెట్టుకునే హెల్మెట్ వంక ఒకసారి చూసుకో.

గాలి_లెక్కలు:

నేను బెంగళూరులో ఏరోడైనమిక్స్ పని చేస్తాను, కాబట్టి రేకు గురించి నేను చెప్తా. నీ పది నిమిషాల్లో కనీసం నాలుగు నిమిషాలు దీనికే ఇవ్వు.

1971. గర్నీ అప్పటికి డ్రైవింగ్ మానేశాడు. కాలిఫోర్నియాలో శాంటా ఆనాలో ఆల్ అమెరికన్ రేసర్స్ అని సొంత సంస్థ, ఈగిల్ పేరుతో కార్లు. డ్రైవరు బాబీ అన్సర్. ఫీనిక్స్ ట్రాక్ మీద మూడు రోజుల నుంచి టెస్టింగ్ చేస్తున్నారు, ఎంత తన్నుకున్నా టైము తగ్గట్లేదు. అన్సర్‌కి చిరాకొచ్చి, నువ్వే ఏదో ఒకటి ఆలోచించు అని గర్నీ మీద పడ్డాడు. గర్నీకి పాత స్పోర్ట్స్ కార్ల వెనక పెట్టే చిన్న చిన్న అడ్డరేకులు గుర్తొచ్చాయి. వింగ్ వెనక అంచు మీద ఒకటి నిలబెడితే? అల్యూమినియం రేకు కోసి, ఎల్ ఆకారంలో వంచి, రివెట్లు కొట్టేసరికి ముప్పావు గంట పట్టింది.

అన్సర్ తిరిగొచ్చాడు. టైము ఏమీ మారలేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఇది కూడా పోయింది అనుకున్నారు. అన్సర్ మాత్రం గర్నీని దగ్గరికి పిలిచి చెవిలో చెప్పాడు: వెనక ఎంత గట్టిగా అతుక్కుపోయిందంటే ఇప్పుడు ముందు చక్రాలు తిప్పినా కారు తిన్నగానే పోతోంది, ముందు వింగ్ కూడా దీనికి సమానంగా పెంచితే చాలు అని. ఇక్కడ ఇద్దరినీ మెచ్చుకోవాలి. స్టాప్‌వాచ్ ఏమీ లేదంటుంటే నడుం కింద సీటు ఏదో ఉందని చెప్పింది. ఆ చెప్పింది నమ్మేవాడు ఎదురుగా ఉండాలి, తను కూడా పదేళ్లు ఆ సీట్లో కూర్చున్నవాడే కాబట్టి గర్నీ నమ్మాడు.

పోటీవాళ్లు ఆ రేకేంటని అడిగితే, కారుని వెనక నుంచి తోసేటప్పుడు చేతులు కోసుకోకుండా పెట్టాం అని చెప్పేవాడట. వాళ్లు నమ్మారో లేదో గానీ కాపీ మాత్రం కొట్టారు. కొందరు మేం ఇంకా బాగా చేస్తాం అని రేకుని కిందికి తిప్పి పెట్టారు, ఉన్న పట్టు కూడా పోయింది!

ఎందుకు పనిచేస్తుందో క్లుప్తంగా. కారు వింగ్ అంటే తలకిందులు చేసిన విమానం రెక్క, గాలి ఒత్తిడి ఎక్కువ ఉండేది పై వైపు. రేకు ఆ పై వైపే నిలబడుతుంది. దాని వెనకాల రెండు చిన్న సుడులు ఎదురెదురుగా తిరుగుతాయి. అవి వింగ్ కింద వైపు గాలిని చివరి దాకా విడిపోకుండా లాగి ఉంచుతాయి. వింగ్ సైజు పెంచకుండానే కిందికి నొక్కే బలం పెరుగుతుంది, గాలి అడ్డు పెద్దగా పెరగదు. తర్వాత డగ్లస్ విమాన కంపెనీలో పనిచేసే రాబర్ట్ లీబెక్ దీన్ని విండ్ టనెల్‌లో పెట్టి కొలిచి, 1978లో పేపరు రాసి, గర్నీ ఫ్లాప్ అన్న పేరు స్థిరం చేశాడు. ఇప్పుడు కొన్ని హెలికాప్టర్ల తోక దగ్గర కూడా ఉంటుంది. రేసు కారు నుంచి విమానాలకి పోయిన విద్య ఇది. సాధారణంగా దారి అటు నుంచి ఇటు కదా.

ఇండియానాపొలిస్‌లో 1971లో పోల్ వేగం (అంటే రేసుకి ముందు జరిగే క్వాలిఫయింగ్‌లో మొదటి స్థానం తెచ్చిన వేగం) గంటకి 287 కిలోమీటర్లు, 1972లో అన్సర్ ఈగిల్‌తో కొట్టింది 315. ఇదంతా రేకు వల్లే అని మాత్రం స్టేజీ మీద చెప్పకు. ఆ ఏడాదే విడిగా బిగించే వింగులకి అనుమతి వచ్చింది, అసలు పెరుగుదల అక్కడుంది.

నీ కారు సంగతి: రేకు ఎత్తు ఎంత పెడుతున్నారు? వింగ్ వెడల్పులో, అంటే ముందు అంచు నుంచి వెనక అంచుకి, ఒకటి రెండు శాతం చాలు. 30 సెంటీమీటర్ల వింగ్ అయితే 3 నుంచి 6 మిల్లీమీటర్లు. సీఎఫ్‌డీ, అంటే గాలి ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టడం, చేస్తే రేకు దగ్గర మెష్ (లెక్క కోసం గీసే గళ్లు) బాగా సన్నగా పెట్టండి, లేకపోతే కంప్యూటరుకి ఆ సుడులు కనబడవు.

బీచ్‌రోడ్_బండి:

అందరూ పొగిడేస్తున్నారు, ఎవరో ఒకరు ఎదురు చెప్పాలి కదా. నేను జాక్ బ్రాబమ్ మనిషిని, అదే, గర్నీలాగే సొంత కార్లు కట్టించుకున్న ఆస్ట్రేలియా డ్రైవరు, ముందే చెప్పేస్తున్నా.

మొదట చిన్న సవరణలు. షాంపేన్ చిమ్మడం అంతకుముందు ఏడాదే ల మాన్‌లో జరిగింది, జో సిఫర్ట్ చేతిలో సీసా ఎండకి వేడెక్కి దానంతట అదే పేలింది. కావాలని చిమ్మింది గర్నీ, ఆ మాట ఒప్పుకుంటా. ఆ రేకు లాంటిదానికి కూడా 1930ల్లోనే ఒకాయన పేటెంటు తీసుకున్నాడు.

ఇప్పుడు అసలు విషయం. సొంతంగా కట్టించిన కారులో తనే కూర్చుని ఫార్ములా వన్ గ్రాండ్ ప్రీ గెలిచినవాళ్లు ముగ్గురే ముగ్గురు: బ్రాబమ్, బ్రూస్ మెక్‌లారెన్, గర్నీ. అందులో తన పేరున్న కారుతో ప్రపంచ ఛాంపియన్ అయింది బ్రాబమ్ ఒక్కడే, 1966లో. ఎలా గెలిచాడు? అమెరికాలో మామూలు కార్ల కోసం చేసి వదిలేసిన ఓల్డ్స్‌మొబీల్ అల్యూమినియం బ్లాకు తీసుకుని, ఆస్ట్రేలియాలో రెప్కోవాళ్ల చేత ఇంజన్ చేయించుకున్నాడు. పవర్ తక్కువ, బరువూ తక్కువే, ముఖ్యంగా రేసు చివరిదాకా నడిచేది. మన మెకానిక్కులు అనే మాటే, బండి ఇంటికి చేర్చాలి ముందు.

గర్నీది అందం పిచ్చి. ఈగిల్ కారు ఎంత అందంగా ఉంటుందంటే ముదురు నీలం, తెల్ల గీత, గద్ద ముక్కులాంటి ముందు భాగం, ఇప్పటికీ దాని ఫొటో నా ఫోన్ వాల్‌పేపర్ (అవును, బ్రాబమ్ మనిషినే, అయినా సరే). టైటానియం వాడాడు, మెగ్నీషియం వాడాడు. ఇంజన్ ఇంగ్లండ్‌లో వెస్లేక్‌వాళ్లు చేసిన 12 సిలిండర్లది. ఆ భాగాలు యుద్ధకాలం నాటి పాత మెషిన్ల మీద తిప్పేవారట, ఒక ఇంజన్ ముక్క ఇంకో ఇంజన్‌కి సరిపోయేది కాదట. ఫలితం ఏంటి, 1967 సీజన్ మొత్తంలో ఛాంపియన్‌షిప్ రేసుల్లో గర్నీ చివరిదాకా నడిపి పాయింట్లు తెచ్చుకున్నది రెండే, బెల్జియంలో మొదటి స్థానం, కెనడాలో మూడో స్థానం. జర్మనీలో నూర్‌బర్గ్‌రింగ్ మీద హాయిగా ముందు పోతూ, ఇంక రెండు మూడు ల్యాపులు ఉన్నాయనగా చక్రానికి పవర్ ఇచ్చే షాఫ్ట్ పోయింది.

ఇంకో చేదు నిజం. గర్నీ 1965 దాకా బ్రాబమ్ టీమ్‌లోనే ఉన్నాడు. సొంత కారు కడతానని బయటికొచ్చాడు. ఆ తర్వాత వరసగా రెండేళ్లు, 66లో బ్రాబమ్, 67లో డెనీ హల్మ్, అదే టీమ్ నుంచి ఛాంపియన్లు అయ్యారు. కదలకుండా కూర్చుంటే ఒక టైటిల్ ఖాయం. చేతికొచ్చిన కూడు కాలదన్నుకోవడం అంటారు మా అమ్మమ్మ.

షోలవరం_టికెట్టు:

బీచ్‌రోడ్ గారూ, లెక్కలన్నీ కరెక్టే. కానీ మీరు చెప్పినదాన్నే ఇంకోవైపు నుంచి చూడండి.

పిల్లవాడి సార్ అడిగిన నాలుగు గెలుపులూ ఏవో ఎవరూ చెప్పలేదే? 1962 ఫ్రాన్స్, రువాన్ ట్రాక్. పోర్షే సొంత ఫార్ములా వన్ కారుతో గెలిచిన మొదటి గ్రాండ్ ప్రీ, ఇప్పటికీ అదొక్కటే. నడిపింది గర్నీ. 1964 ఫ్రాన్స్, మళ్లీ అదే రువాన్. బ్రాబమ్ కారుకి మొట్టమొదటి ఛాంపియన్‌షిప్ గెలుపు. నడిపింది మీ జాక్ కాదు, గర్నీ. అదే ఏడాది మెక్సికో. నాలుగోది 1967 బెల్జియం, సొంత ఈగిల్. నాలుగింట్లో మూడు, అంతకుముందు ఒక్కటీ గెలవని కార్ల మొదటి గెలుపులు. గెలిచే కారు ఎక్కి గెలవడం ఒక విద్య, గెలవడం తెలియని కారుని గెలిపించడం ఇంకో విద్య. షూమాకర్ గొప్పవాడు కాదని కాదు, ఆయన కూడా ఫెరారీని మళ్లీ నిలబెట్టాడు. కానీ సార్‌కి ఈ లెక్క కూడా చెప్పు బాబూ.

బెల్జియం రేసు గురించి కొంచెం చెప్తాను, నాకు ఆ రోజంటే పిచ్చి. 1967 జూన్ 18, ల మాన్ గెలిచి వారం. పాత స్పా ట్రాక్ ఒక రౌండు 14 కిలోమీటర్లు, ట్రాక్ అంటే ఊళ్ల మధ్య రోడ్డే, పక్కన ఇళ్లు, కరెంటు స్తంభాలు, పొలాల కంచెలు. సగటు వేగం గంటకి 235 కిలోమీటర్లు. సగటు అండీ! జిమ్ క్లార్క్ కొత్త లోటస్ 49తో ముందు పోతున్నాడు, స్పార్క్ ప్లగ్ ఇబ్బందితో ఆగాల్సి వచ్చింది. తర్వాత జాకీ స్టివార్ట్ ముందు. అతని బీఆర్‌ఎం కారుకి గేరు నిలవట్లేదు, ఒక చేత్తో గేరు రాడ్డు పట్టుకుని ఇంకో చేత్తో స్టీరింగ్ తిప్పుతూ ఆ వేగంలో నడిపాడు. గర్నీకి ఇంధనం ప్రెషర్ పడిపోతోంది, రేసు మధ్యలో పిట్‌లోకొచ్చి మెకానిక్కులకి అరిచి చెప్పి మళ్లీ వెళ్లిపోయాడు. అయినా స్టివార్ట్‌ని దాటి నిమిషం పైగా తేడాతో గెలిచాడు. అమెరికన్ కారులో అమెరికన్ డ్రైవరు యూరప్‌లో గ్రాండ్ ప్రీ గెలవడం 1921లో జిమ్మీ మర్ఫీ తర్వాత అదే. చేతికొచ్చిన కూడు కాలదన్నుకున్నాడు అన్నారే, ఆ ఒక్క మధ్యాహ్నం కోసమైతే నేనూ తన్నేవాణ్ణి.

1970 జూన్ 2న బ్రూస్ మెక్‌లారెన్ గుడ్‌వుడ్‌లో సొంత కారు టెస్టింగ్ చేస్తూ చనిపోయాడు, 32 ఏళ్లు. వెనక బాడీ ఊడిపోయింది. ఆ టీమ్‌లో ఇంకో డ్రైవరు హల్మ్‌కి అప్పటికే చేతులు కాలి ఉన్నాయి. వాళ్లు గర్నీని అడిగారు. బ్రూస్ పోయిన 12 రోజులకి కెనడాలో మోస్పోర్ట్‌లో, ఫార్ములా వన్ కాదు, కాన్-యామ్ అనే స్పోర్ట్స్ కార్ల రేసులో, బ్రూస్‌ని చంపిన మోడల్ కారులోనే కూర్చుని గెలిచి ఇచ్చాడు. ఆ తర్వాతి రేసు కూడా గెలిచాడు. అదే ఏడాది డ్రైవింగ్ మానేశాడు. క్లార్క్ 1968లో పోయినప్పుడు, మావాడు భయపడ్డది నీ ఒక్కడికే అని క్లార్క్ వాళ్ల నాన్న గర్నీతో అన్నాడంటారు. ఈ మాట చాలా ఏళ్లు గర్నీ బయట చెప్పుకోలేదు.

బాబూ, నువ్వు పోటీకి పోయేది కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేకే కదా. ఆ "కరి" ఎవరో తెలుసుకున్నావా? మాది నెల్లూరు. నా చిన్నప్పుడు మద్రాసు రోడ్డులో షోలవరం దగ్గర పాత విమానాల రన్‌వే మీద రేసులు జరిగేవి. నెల్లూరులో తెల్లవారుజామున బస్సెక్కితే రేసు టైముకి దిగేవాళ్లం, ఎండలో గట్టు మీద నిలబడి చూడటమే, మొహం నిండా దుమ్ము. ఎస్. కరివర్ధన్ అక్కడ నడిపేవాడు, కోయంబత్తూరు మిల్లుల కుటుంబం మనిషి. నడిపి ఊరుకోలేదు, మారుతి 800 ఇంజన్ పెట్టి ఒంటి సీటు రేసు కారు తయారు చేయించాడు, ఫార్ములా మారుతి. అప్పటిదాకా మనకి రేసు కారంటే విదేశాల నుంచి దిగాల్సిందే, లేదా ఫియట్‌ని చెక్కుకోవాల్సిందే. ఊళ్లో దొరికే సామాన్లతో రేసు కారు అవుతుందని చూపించింది ఆయనే. నారాయణ్ కార్తికేయన్ మొదట్లో నడిపింది ఆ కార్లే, 2005కి ఫార్ములా వన్‌లో ఉన్నాడు. కరి 1995లో గాల్లో ఎగిరే చిన్న యంత్రం ప్రమాదంలో పోయాడు, నలభై ఒకటి కూడా ఎక్కువ వయసేం కాదు. నువ్వు ఆ గేటు లోంచి కారు తోసుకుంటూ లోపలికి పోయేటప్పుడు బోర్డు వైపు చూడు.

గర్నీ పోయిన వార్త నేను 2018 సంక్రాంతి రోజుల్లో ఊళ్లో ఉండగా ఫోన్లో చూశాను. 86 ఏళ్లు. మా ఆవిడ ఎవరు పోయారు అంటే ఏం చెప్పాలో తెలీక తెలిసినాయన అన్నాను.

గిర్నీ_పిలగాడు:

అందరికీ చాలా థాంక్స్. నెల్లూరు పెద్దాయనా, మీ "మూడు మొదటి గెలుపులు" లెక్క మా సార్‌కి ఇవాళ చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "సరే, పది కాదు, పన్నెండు నిమిషాలు తీసుకో" అన్నారు. కరి గారి సంగతి నిజంగా తెలీదు, సిగ్గేసింది. చివర్లో ఆయన్ని కూడా కలుపుతా.

దొరబాబన్నా, పార్క్స్ ముచ్చటతోనే మొదలుపెడదామనుకుంటున్నా. చీకట్లో రెండు కార్లు ఆగి ఉన్నాయి, రేసు నడుస్తోంది, అని ఆపేస్తే హాల్లో అందరూ ఫోన్లు కింద పెడతారు.

గాలి లెక్కలన్నా, మేం అర అంగుళం రేకు కోసేశాం. మా వింగ్ 28 సెంటీమీటర్లు, అంటే నాలుగు శాతం దాటిపోయింది. ఇవాళ స్నిప్‌తో 5 మిల్లీమీటర్లకి తగ్గించాం, అంచు కొంచెం వంకర వచ్చింది. రివెట్ గన్ సీనియర్లు పట్టుకుపోయారు, శనివారం టెస్టింగ్. డబుల్ సైడ్ టేపుతో అతికించేద్దాం అంటున్నాడు మావాడు. పర్లేదా?

గాలి_లెక్కలు:

టేపు వద్దు. రెజిన్ మీద మైనం, దుమ్ము ఉంటాయి, అరవై వేగానికే ఊడి వెనకవాడి మొహం మీద పడుతుంది. 3 మిల్లీమీటర్ల స్క్రూలు, వెనక వాషర్, పది సెంటీమీటర్లకి ఒకటి. రేకు పై మూల ఆకురాయితో రుద్ది గుండ్రం చెయ్యండి. శనివారం డ్రైవరు దిగి రాగానే టైము ఎంత అని అడక్కు, ముందు చక్రాలు ఏమంటున్నాయని అడుగు.

డెట్రాయిట్_దొరబాబు:

కారుని తోసేటప్పుడు చేతులు కోసుకోకుండా అని కూడా చెప్పొచ్చు, ఎవరైనా అడిగితే.

గిర్నీ_పిలగాడు:

ఆల్రెడీ ఒకరు కోసుకున్నారన్నా. బొటనవేలు. ఆకురాయి కొనడానికి పోతున్నా.